నేలమీద శ్రుతి

ఐదో నెలలో నీవెస్ అంది,
తన ఊపిరి తనకే వినపడుతోందని.
"అందరికీ వినపడేదేగా" అన్నాను.
"అలా కాదు ఎర్సీలియా,
ఎడమ చెవిలో కూర్చుని ఎవరో తిత్తి ఊదుతున్నారు.
మాటాడితే నా మాటే
ఖాళీ పీపాలోంచి నామీదికి తిరిగొస్తోంది."

నా దగ్గర అరవాలి ఎవరైనా.
ఆమె మాత్రం అరవలేదు. పెదవులు చదివాను.

మాది అకార్డియన్ల ఊరు.
కాస్టెల్‌ఫిదార్దో కొండమీద ఏ సందులో నడిచినా
కిటికీలోంచి ఒకే స్వరం, మళ్ళీ అదే స్వరం.
రేకు గీకడం, ఊదడం, గీకడం.
రెండు ఉక్కు నాలుకల మధ్య
వణుకు ఎంతుండాలో తేల్చడం నీవెస్ పని.
వెంట్రుకవాసి ఎక్కువ గీకితే అంతే,
పోయిన ఉక్కు మళ్ళీ రాదు.

ముక్కు అంతకుముందే మూసుకుంది.
జలుబు కాదు, తుమ్ము లేదు,
మూడు దిళ్ళకి చేరగిలబడి
నోరు తెరుచుకుని తెల్లారబెట్టేది.
ఓ మధ్యాహ్నం మైనం మాడి పొగలొస్తుంటే
పక్కనే ఉండి పసిగట్టలేకపోయింది.
ఇంకో రోజు తెల్లటి తోలుమీద
టప్పున ఒక ఎర్రచుక్క, దాని వెంట ఇంకోటి.
యజమాని చూడకముందే ఆ ముక్క కత్తిరించి
నా జేబులో వేసుకున్నాను.

అంకోనాలో చెవి డాక్టరమ్మ
కాగితంమీద బొమ్మ గీసి చూపింది.
చెవికీ గొంతుకీ మధ్య సన్నని దారి,
మూసుకుని ఉండాల్సింది తెరుచుకుని ఉండిపోయిందట.
ఒంట్లో నెత్తురు పెరిగి ముక్కు పొర ఉబ్బిందట.
చాలామందికి కానుపయ్యాక సర్దుకుంటుందట.
"పడుకుంటే హోరు తగ్గుతుంది" అంది.

ఆ తర్వాత నావైపు తిరిగి
"మీకెప్పట్నుంచి?" అని పెద్దగా అడిగింది.
లూచో పుట్టినప్పట్నుంచి, అన్నాను.
వాడితో ఒక చెవి, వాడి చెల్లెలితో రెండోది సగం.
ఫ్యాక్టరీ మోత అన్నాడు మావారు.
దిష్టి అంది అత్తగారు, గోరువెచ్చని ఆలివ్ నూనె పోసింది.
నేనేమీ అనలేదు. పిల్లలకి పాలిస్తున్నాను.

డాక్టరమ్మ ఇనుప కవ్వంలాంటిదాన్ని మోచేతికి కొట్టి
దాని కాడ నా నుదుటికి ఆనించింది.
నలభై ఒక్క ఏళ్ళ తర్వాత
ఒక స్వరం నేరుగా బుర్రలో వెలిగింది.
"వినపడుతోందా?"
"వినపడుతోంది. మా 'దో' కంటే కాస్త కిందుంది" అన్నాను.
నవ్వింది. మళ్ళీ కొట్టింది.
చెవిలో బియ్యపుగింజంత ఎముక బిగుసుకుందట,
కానుపులు కొందరిలో దాన్ని ముదరబెడతాయట.
ఎవరూ చెప్పలేదే, అన్నాను.
ఎవరూ అడగలేదు కూడా, అని అనుకున్నాను.
బస్సులో నీవెస్ నా చెయ్యి వదల్లేదు.

మర్నాటినుంచి వర్క్‌షాపు నేలమీద పరుపు.
నీవెస్ పక్కకి తిరిగి పడుకునేది, పొట్టకింద దిండు.
బల్లదగ్గర తిత్తి లాగేది నేను.
ఆమె వేలు పైకి లేపితే పైకి,
కిందికి దించితే కిందికి.
వినలేనిదాన్ని ఊదుతాను నేను,
మరీ ఎక్కువ వినేది ఒరిగి పడుకుని వింటుంది.
కుర్రాళ్ళు మొదట్లో నవ్వుకున్నారు.
ఆ శరత్కాలం పద్నాలుగు పెట్టెలు పంపాం,
ఒక్కటీ తిరిగి రాలేదు.

నవంబరులో పిల్ల పుట్టింది.
మూడోవారం నీవెస్ వచ్చి
"మూసుకుంది" అంది చెవి చూపిస్తూ.
ముక్కుతో గట్టిగా గాలి పీల్చి
"అబ్బ, ఏం కంపు మీ జిగురు!" అంది.

పిల్ల అప్పుడే ఏడుపు లంకించుకుంది.
ఇంత నోరు, ఎర్రటి నాలుక,
నాకు మాత్రం గాజుపలక అవతలి వాన.
ఎత్తుకుని నా దవడ ఎముకని
మెల్లగా దాని కణతకి ఆనించాను.

'లా'.
కొంచెం పైకే ఉంది.

నీవెస్ కనుబొమలెగరేసి అడిగింది, ఎంత అని.
వేలు పైకి లేపాను.
అలాగే ఉంచాను.